రాతి మీద పాలు, బంపర్‌కి జుట్టు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో ఇప్పటి ఆర్టిస్టులు దేవుడు, మొక్కు, ప్రార్థన లాంటి వాటిని తీసుకొచ్చి మ్యూజియంలో ఎందుకు పెడుతున్నారని రాశాను. దానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. సగం మెచ్చుకోళ్లు, సగం తిట్లు. మెచ్చుకున్న వాళ్లకి థాంక్స్ చెప్పి ఊరుకుంటున్నాను, ఎందుకంటే తిట్టిన వాళ్లూ, అర్థం కాలేదన్న వాళ్లూ అడిగిన ప్రశ్నలే బాగున్నాయి.

ప్ర: మా అమ్మాయి పురుటికని హ్యూస్టన్ వచ్చాను. ఒక ఆదివారం అల్లుడు గారు రోత్కో చాపెల్ అని ఒక చోటికి తీసుకెళ్లారు. లోపల విగ్రహం లేదు, శిలువ లేదు, చుట్టూ నల్లటి పెద్ద పెద్ద పటాలు. జనం బెంచీల మీద కూర్చుని వాటినే చూస్తున్నారు. మొదట నవ్వొచ్చింది, కాసేపటికి ఎందుకో భయం వేసింది. లేచి వచ్చేశాను. అందులో చూడాల్సింది ఏముంది? (ఒక పాఠకురాలు, ఊరు గుంటూరు, ప్రస్తుతం హ్యూస్టన్)

భయం వేసిందన్నారు కాబట్టి మీరు చాలావరకు చూసేసినట్టేనమ్మా. ఇంకొక్క పావుగంట కూర్చుని ఉంటే ఆ పటాలు నల్లవి కావని మీ కళ్లే చెప్పేవి. మొత్తం పద్నాలుగు పటాలు, అన్నీ మార్క్ రోత్కో అనే చిత్రకారుడు వేసినవే. వాటిలో ఏడింటికి నల్లటి చదరం చుట్టూ ముదురు ఎరుపు అంచు ఉంటుంది, మిగతా ఏడూ వంగపండు రంగు, అదీ ఒకే రకంగా ఉండదు, పొరలు పొరలుగా వేసింది. పై కప్పులోంచి వచ్చే వెలుతురే ఆధారం. బయట మబ్బు పడితే లోపల పటం మూసుకుపోతుంది, ఎండ వస్తే మెల్లగా తేరుకుంటుంది.

మన గుళ్లోనూ ఇదే జరుగుతుంది, అలవాటైపోయి మనం గమనించం. మిట్టమధ్యాహ్నం ఎండలో ప్రదక్షిణ చేసి గర్భగుడి ముందు నిలబడితే ముందు కనిపించేది చీకటే. తర్వాత వెండి కళ్లు, ఆ తర్వాత నామం, పంచె జరీ అంచు. ఇంతలో అయ్యవారు హారతి ఎత్తుతారు, ఒక్కసారిగా మొహం మొత్తం వెలుగుతుంది, మనకి ప్రాణం లేచొస్తుంది. రోత్కో దగ్గర ఆ హారతి రాదు. ఎంతసేపు కూర్చున్నా రాదు. మీ భయం అదే అయ్యుంటుందని నా అనుమానం.

మార్క్ రోత్కో యూదుల ఇంట పుట్టిన మనిషి, ఇప్పటి లాట్వియా నుంచి చిన్నప్పుడే అమెరికా వచ్చాడు. ఈ పని 1964లో ఆయనకి అప్పగించింది జాన్, డొమినిక్ డి మెనిల్ అనే క్యాథలిక్ దంపతులు. న్యూయార్క్‌లో తన స్టూడియో కప్పు అద్దం కింద పారాచూట్ గుడ్డ కట్టి, దానిలోంచి వడగట్టిన వెలుతురులో ఈ పటాలు వేశాడు. ఆ మెత్తటి వెలుతురే హ్యూస్టన్‌లోనూ కావాలనుకున్నాడు. టెక్సస్ ఎండ సంగతి మీకు ఇప్పటికి తెలిసే ఉంటుంది, ఆ ఎండని అదుపు చేయడానికి వాళ్లు ఏళ్ల తరబడి తంటాలు పడి, 2020లో కప్పు అద్దం మొత్తం మార్చి మళ్లీ తెరిచారు. రోత్కో మాత్రం అది పూర్తవడం చూడలేదు. 1970 ఫిబ్రవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు, మందిరం తెరిచింది 1971 ఫిబ్రవరిలో. ఏ మతం వాళ్లైనా వచ్చి కూర్చోవచ్చు, ధ్యానం చేసుకోవచ్చు, పెళ్లి కూడా చేసుకోవచ్చు.

ఇది మ్యూజియమా, గుడా అంటే రెండూ. దీనికి తిరగేసిన కథ అమెరికాలోనే సెయింట్ లూయిస్‌లో ఉంది, మీ వాళ్లెవరైనా ఆ ఊళ్లో ఉంటే చెప్పండి. అక్కడ సెయింట్ లూయిస్ యూనివర్సిటీలో జెసూట్ అనే క్యాథలిక్ సంఘం ఫాదర్లు వాడుకున్న ప్రార్థనా మందిరం ఖాళీ అయితే, టెరెన్స్ డెంప్సీ అనే ఫాదరే 1993లో దాన్ని సమకాలీన మత కళ మ్యూజియం చేశాడు, అన్ని మతాలకీ కలిపి. పక్కన చిన్న చిన్న గదుల్లో ఒకప్పుడు పూజ జరిగేది, ఇప్పుడు బొమ్మలు ఉంటాయి. పెట్టిన మరుసటి ఏడాదే, ఎయిడ్స్‌తో జనం రాలిపోతున్న రోజుల్లో, ఆ జబ్బు చుట్టూ వచ్చిన బొమ్మల్ని అక్కడ ప్రదర్శనకి పెట్టారు. చాలా చర్చిలు ఆ మాట ఎత్తడానికే జంకుతున్న కాలం అది.

మళ్లీ వెళ్తే పొద్దున పూట, మబ్బులు అటూ ఇటూ తిరిగే రోజు చూసుకుని వెళ్లండి. అల్లుడు గారిని పసివాడితో బయట లాన్‌లో ఉండమనండి, వాళ్లకీ హాయి.

ప్ర: జర్మనీలో చదువుకుంటున్న మా అబ్బాయి ఒక ఫొటో పంపాడు. తెల్ల పాలరాతి పలక, దాని మీద పాలు పోసి ఉన్నాయి, చుట్టూ జనం. "నాన్నా, ఇది ఆర్ట్" అన్నాడు. మా ఇంట్లో సోమవారం సోమవారం ఇదే పని మా ఆవిడ యాభై ఏళ్లుగా చేస్తోంది, ఎవరూ టికెట్ పెట్టలేదు. ఇంకో సందేహం, పాలు విరిగిపోవా? (ఒక పాఠకుడు, తెనాలి)

మీ ఆవిడ గారికి ముందుగా నమస్కారం. పాలు విరుగుతాయి. అందుకే రోజూ సాయంత్రం తీసేసి, రాయి శుభ్రంగా కడిగి తుడిచి, మర్నాడు పొద్దున కొత్త పాలు పోస్తారు. ప్రదర్శన ఉన్నన్నాళ్లూ ఇంతే. మొదటిసారి మాత్రం ఆర్టిస్టు పోస్తాడు, తర్వాత మ్యూజియం సిబ్బందో, రాయి కొనుక్కున్న వాళ్లో పోయాలి. నాకు ఈ పనిలో బాగా నచ్చేది ఇదే. లక్షలు పోసి కొన్నవాడు కూడా పొద్దున్నే లేచి పాల ప్యాకెట్ కత్తిరించాలి.

ఆర్టిస్టు పేరు వోల్ఫ్‌గాంగ్ లైబ్, 1950లో పుట్టాడు. డాక్టరీ పూర్తిగా చదివి, ఒక్కరోజు కూడా ప్రాక్టీస్ పెట్టకుండా ఇటొచ్చాడు (మన దగ్గరైతే ఆ ఇంట్లో ఎంత గొడవ అయ్యేదో ఊహించుకోండి). మొదటి పాలరాయి 1975లో చేశాడు. ఆయన అమ్మానాన్నలకి మన దేశం అంటే ఇష్టం, మధురై దగ్గర ఒక పల్లెకి చాలా ఏళ్లు సాయం చేశారు, కుర్రాడు వాళ్లతో వచ్చి వెళ్తుండేవాడు. కాబట్టి అభిషేకం ఆయన చూడలేదని అనుకోనక్కర్లేదు.

కానీ రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోను. మీ ఇంట్లో లింగం మీద పోసిన పాలు కారుతాయి, కారాలి కూడా, పానవట్టం మీదుగా జారి, తీర్థమై అందరి చేతుల్లోకి వస్తాయి. లైబ్ రాతి మీద పాలు కదలవు. పలక పైభాగాన్ని ఆయన కంటికి తెలియనంత లోతుగా అరగదీశాడు, అంచు మాత్రం వదిలేశాడు. పాలు ఆ అంచు దాకా వచ్చి, పొంగకుండా, కొంచెం ఉబ్బెత్తుగా నిలబడతాయి. దూరం నుంచి చూస్తే ఉత్త రాయి. దగ్గరికెళ్లి వంగితే, కిటికీ వెలుతురు ఆ అంచు మీద సన్నగా వంపు తిరిగి కనిపిస్తుంది, అప్పుడు తెలుస్తుంది పైన ఉన్నది పాలని. ఎవరైనా గట్టిగా తుమ్మితే చెదిరిపోతుందేమో అని ఊపిరి బిగబడతాం. ఎంత చూసినా తీర్థం ఇవ్వరు, అది మాత్రం లోటే.

ఇదే మనిషి వసంతంలో తన ఊరి చుట్టుపక్కల పొలాల్లో తిరిగి పువ్వుల పుప్పొడి చేత్తో దులిపి సీసాల్లో దాస్తాడు. 2013లో న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఆ పుప్పొడిని జల్లెడతో నేల మీద జల్లాడు, సుమారు 18 అడుగులు ఇటు, 21 అడుగులు అటు, పచ్చటి పసుపు ముద్దలా వెలిగింది. అంత జల్లడానికి ఎన్నో ఏళ్లు పోగుచేసిన పుప్పొడి పట్టింది. ప్రదర్శన అయ్యాక జాగ్రత్తగా ఊడ్చి మళ్లీ సీసాల్లోకి ఎత్తుకుంటాడు. ముగ్గు వేసి, తొక్కుడు పడి చెరిగిపోతే మర్నాడు మళ్లీ వేసే మన ఆడవాళ్లు దీన్ని చూస్తే "ఎత్తుకోవడం ఎందుకు?" అంటారేమో. నాకూ ఆ ప్రశ్న ఉంది.

మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. అమ్మ చేసేది ఆర్ట్ అవునా కాదా అని వాదించడం కంటే, ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఒక సోమవారం పక్కన నిలబడి పాలు ఎలా పోస్తుందో చూడమనండి. లైబ్ రాయిని అంతసేపు చూసినవాడికి అది తప్పకుండా కొత్తగా కనిపిస్తుంది.

ప్ర: గుళ్లో ఇచ్చిన తలనీలాలతో తాళ్లు పేని లండన్ మ్యూజియంలో వేలాడదీశారని చదివాను. మొక్కు చెల్లించుకున్న జుట్టుని ఇలా చేయడం అపచారం కాదా? (ఒక పాఠకురాలు, చిత్తూరు)

ఆ పని పేరు "బిహోల్డ్", చేసింది షీలా గౌడ, 2009లో. ఆవిడ మనకి పొరుగే, కర్ణాటక భద్రావతిలో పుట్టి బెంగళూరులో ఉంటారు. టేట్ మ్యూజియం దాన్ని కొని దాచుకుంది. సుమారు నాలుగు కిలోమీటర్ల జుట్టు తాడు, ఇరవై దాకా కారు బంపర్లు. మెరిసే స్టీల్ బంపర్లు జుట్టు తాళ్ల మీద వేలాడుతుంటాయి, మిగతా తాడు గోడ మీద, నేల మీద కుప్పలుగా, చుట్టలుగా పడి ఉంటుంది.

అపచారం సంగతికి ముందు ఒకటి అడుగుతాను. కల్యాణకట్టలో దించిన జుట్టు తర్వాత ఎక్కడికి పోతుందని ఎప్పుడైనా ఆలోచించారా? తిరుమల జుట్టుని దేవస్థానం వాళ్లు పొడవుని బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతారని పేపర్లో మీరూ చదివే ఉంటారు. దక్షిణాది గుళ్లలో పొడవు జుట్టు విగ్గులకి వెళ్తుంది. పొట్టి జుట్టు ఇంకో దారి పడుతుంది, తాళ్లుగా పేని, దిష్టి తగలకుండా లారీలకి, కార్లకి కడతారు. కొత్త బండి కొన్నప్పుడు బంపర్‌కి నిమ్మకాయలు, మిరపకాయల పక్కన నల్లటి తాడు చుట్టడం మీరు చూసే ఉంటారు. షీలా గౌడ ఆ తాడే తీసుకుంది, ఆ బంపరే తీసుకుంది. ఆవిడ కల్పించింది చాలా తక్కువ.

ఒకామె పిల్లాడి జ్వరం తగ్గాలని గుండు చేయించుకుంటుంది. ఆ జుట్టు ఇంకెవరో డ్రైవర్‌ని యాక్సిడెంట్ నుంచి కాపాడుతుందని కట్టుకుంటారు. ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. మధ్యలో పేనిన చేతులు, అమ్మిన కొట్టు, బేరం. భక్తి, భయం, వ్యాపారం మూడూ ఒకే తాట్లో మెలిపడి ఉన్నాయి, ఏ పోగు ఏదో విడదీయలేం. అంత బరువు స్టీల్‌ని అంత సన్నటి వెంట్రుకలు మోస్తుంటే చూడ్డానికి నాకైతే ఒళ్లు జలదరించింది. అపచారం అని మాత్రం అనిపించలేదు. మీకు అనిపిస్తే తప్పులేదు, కానీ ఆ కోపంలో కొంత వేలం పాటకి కూడా పంచండి, మొత్తం ఆవిడ మీదే పెట్టకండి.

ఆవిడవి ఇంకా ఉన్నాయి. తొంభైల మొదట్లో, దేశంలో మతకల్లోలాలు రేగినప్పుడు, రంగులు కుంచెలు పక్కన పెట్టి ఆవుపేడతో పని మొదలుపెట్టారు. తర్వాత పొడవాటి దారాల్ని సూదుల్లోంచి లాగి, కుంకుమ, జిగురు పట్టించి, కట్టగా పేని గోడల మీద పాకించారు. చివర సూదులన్నీ గుత్తిగా వేలాడుతుంటాయి. ఎర్రటి తాడు, చూడ్డానికి పేగులా ఉంటుంది. కుంకుమని అలా చూడాల్సి వస్తుందని మనం అనుకోం.

ప్ర: మ్యూజియంలో దేవుడి విగ్రహానికి దండం పెట్టుకోవచ్చా? చెప్పులతో ఉన్నప్పుడు? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

పెట్టుకోండి, ఎవరూ పట్టుకోరు. ముట్టుకోవద్దు, కుంకుమ పెట్టొద్దు, కొబ్బరికాయ సంగతి అసలు ఎత్తొద్దు. ఒకసారి ఒక మ్యూజియంలో పంచలోహ నటరాజు ముందు ఒక పెద్దావిడ చెప్పులు విడిచి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, కళ్లు మూసుకుని నిలబడింది. గార్డు చూస్తూనే ఉన్నాడు. ఆవిడ దండం పెట్టుకుని కళ్లు తెరిచేదాకా ఆగి, అప్పుడు, "అమ్మా, చెప్పులు ఇక్కడ విడవకూడదు" అన్నాడు. రూల్ ఉంది, మర్యాదా ఉంది.

అందరూ ఇలా ఉండరు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో సెయింట్ ముంగో అని అన్ని మతాల మ్యూజియం 1993లో తెరిచారు. తెరిచిన కొత్తల్లోనే ఒకడు బైబిల్ పట్టుకొచ్చి అక్కడి నటరాజుని కిందికి తోసేశాడు. ఆలోచిస్తే మన పెద్దావిడకీ వాడికీ ఒక్క విషయంలో పోలిక ఉంది, అది వట్టి కంచు బొమ్మ అని ఇద్దరూ అనుకోలేదు. పక్కన సెల్ఫీ తీసుకుంటున్న మనమే అనుకున్నాం.

ప్ర: ఈ ఆర్టిస్టులకి ధైర్యం ఉంటే వేరే మతాల మీద వేయమనండి. ఎప్పుడూ మన దేవుళ్లేనా దొరికింది? (పేరు, ఊరు వద్దన్న పాఠకుడు)

లెక్క తీస్తే ఎక్కువ దెబ్బలు తిన్నది క్రైస్తవమే సార్. 1999లో అప్పటి పోప్ రెండో జాన్ పాల్ మీద ఆకాశం నుంచి ఉల్క పడినట్టు మైనపు బొమ్మ చేసి పెట్టాడు ఇటలీ ఆర్టిస్టు మౌరీజియో కాటెలాన్. పోప్ సొంత దేశం పోలండ్‌లో దాన్ని ప్రదర్శిస్తే ఇద్దరు రాజకీయ నాయకులు వచ్చి ఆ రాయి తీసేశారు. నా మటుకు నాకు ఆ బొమ్మ పెద్దగా నచ్చదు, ఒక జోకు, విన్నాక అయిపోతుంది.

నచ్చింది చెబుతాను. అదే ఏడాది న్యూయార్క్ బ్రూక్లిన్ మ్యూజియంలో క్రిస్ ఓఫిలి వేసిన మేరీమాత పటం. నల్లజాతి మేరీ, బంగారు రంగు నేపథ్యం, నీలం అంగీ, రొమ్ము చోట ఏనుగు పేడ ఉండ, కింద పటాన్ని మోస్తున్నవీ రెండు పేడ ఉండలే. మేయర్ జూలియాని మండిపడి మ్యూజియానికి నగరం ఇచ్చే 70 లక్షల డాలర్ల గ్రాంటు ఆపేస్తానన్నాడు, మ్యూజియం కోర్టుకెళ్లి గెలిచింది. డిసెంబరులో ఒక పెద్దాయన లోపలికొచ్చి పటం మీద తెల్లరంగు పూసేశాడు. ఓఫిలి నైజీరియా మూలాలున్న క్యాథలిక్, చిన్నప్పుడు చర్చిలో పూజకి సాయం చేసిన పిల్లాడు. ఆఫ్రికా వెళ్లినప్పుడు పేడని వాడటం మొదలుపెట్టాడు.

ఇక్కడ మన వాళ్లకి ఒక సదుపాయం ఉంది. ధనుర్మాసంలో ముగ్గు మధ్యలో పేడతో గొబ్బెమ్మ చేసి, గుమ్మడి పువ్వు గుచ్చి, పసుపు కుంకుమ పెట్టి చుట్టూ తిరిగి పాడే ఇళ్లలో పెరిగాం. పేడ ముట్టించినంత మాత్రాన తల్లికి అవమానం అని మనకి అనిపించదు. న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి, ఆ పటంలో పేడ ఒక్కటే లేదు, అశ్లీల పత్రికల్లోంచి కత్తిరించిన ముక్కలు కూడా చుట్టూ సీతాకోకచిలుకల్లా అంటించాడు. అది చూసి నొచ్చుకున్న భక్తురాలిని "మీకు కళ తెలియదు" అనడం నాకు చేతకాదు.

మీరు పేరు రాయలేదు కానీ మీ మనసులో ఉన్నది ఎం.ఎఫ్. హుస్సేన్ అని తెలుసు. ఆయన హైదరాబాద్‌లో బద్రీవిశాల్ పిత్తి గారి ఆదరణలో, రామ్ మనోహర్ లోహియా ప్రోత్సాహంతో ఏళ్ల తరబడి రామాయణం వేసిన మనిషి కూడా. తర్వాత బొమ్మల మీద కేసులు పడ్డాయి, 2008లో ఢిల్లీ హైకోర్టు వాటిని కొట్టేసింది, అప్పటికే ఆయన దేశం వదిలేశారు, 2011లో లండన్‌లో పోయారు. ఆయన బొమ్మలన్నీ నాకు నచ్చవు. కొన్ని హడావిడిగా వేసినవని చూస్తేనే తెలుస్తుంది. అయినా తొంభై దాటిన మనిషిని ఇంటికి రాలేకుండా చేయడం, ఎన్నిసార్లు ఆలోచించినా నాకు మింగుడుపడదు.

ప్ర: జూన్‌లో లండన్ వెళ్తున్నాం, రెండే రోజులు. ఇలాంటివి చూడాలంటే ఎక్కడికి? పిల్లలు కూడా ఉంటారు. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

ముందు సెయింట్ పాల్స్ కెథెడ్రల్, దీనికి టికెట్ ఉంది. లోపల పక్క నడవలో వీడియో ఆర్టిస్టు బిల్ వయోలా చేసిన "మార్టిర్స్" చూడండి, 2014లో పెట్టారు. నాలుగు నిలువు తెరలు, నలుగురు మనుషులు. ఒకరి మీద మట్టి, ఒకరి మీద గాలి, ఒకరి మీద నిప్పు, ఒకరి మీద నీళ్లు. శబ్దం లేదు, ఏడు నిమిషాలు. పిల్లలు కదలకుండా చూస్తారు, కార్టూన్ కంటే నెమ్మదిగా నడిచినా. మనకి పంచభూతాల్లో ఒకటి తక్కువైంది కదా అని మీ వాళ్లు లెక్కపెడితే పెట్టనివ్వండి. విచిత్రం ఏమిటంటే ఆ పని టేట్ మ్యూజియం సొత్తు, చర్చికి అరువిచ్చారు. బయటికొచ్చి కాలినడక వంతెన దాటితే ఎదురుగా టేట్ మోడర్న్, ప్రవేశం ఉచితం. షీలా గౌడ జుట్టు తాళ్లు ఆ రోజుల్లో ప్రదర్శనలో ఉన్నాయో లేదో ముందే వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి, లేకపోతే ఉసూరుమంటారు.

రెండో రోజు బ్రిటిష్ మ్యూజియం, ఇదీ ఉచితమే. అక్కడ ఇప్పటి ఆర్టిస్టుల కోసం కాదు, మన అమరావతి స్తూపం రాళ్ల కోసం వెళ్లండి. అవి 1880లో ఆ మ్యూజియం చేతికి వచ్చాయి. పాత పలకల్లో కొన్నింటి దగ్గర ఆగండి. సింహాసనం ఉంటుంది, కింద రెండు పాదాల గుర్తులు ఉంటాయి, చుట్టూ జనం చేతులు జోడించి వంగి ఉంటారు. సింహాసనం మీద ఎవరూ ఉండరు. బుద్ధుడిని మనిషి రూపంలో చెక్కడం ఇంకా అలవాటు కాని రోజుల శిల్పం అది, కృష్ణ ఒడ్డున చెక్కింది. హ్యూస్టన్ నుంచి రాసిన ఆవిడ ఈ పేజీ చదువుతుంటే, ఆవిడకీ ఇది చెబుతున్నట్టే.

గది నంబర్ 33ఎ. సిబ్బంది తక్కువైన రోజుల్లో మూసేస్తుంటారు, అందుకని లోపలికి వెళ్లగానే ముందు అదే అడగండి. మమ్మీల దగ్గరికి పిల్లల్ని తర్వాత తీసుకెళ్లొచ్చు.